వెంకాయమ్మ గారింటికి వచ్చిన చీలమండ

ఆటో దిగే తీరును బట్టే వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో జానకిరామయ్య గారికి తెలిసిపోతుంది. చందాలకు వచ్చేవాళ్లు, ఓట్లకు వచ్చేవాళ్లు దూకినట్టు దిగుతారు. బెణుకులకు వచ్చేవాళ్లు మాత్రం ముందు ఒక కాలు దించి, రెండో కాలిని నిద్రపోతున్న చంటిపిల్లను దించినట్టు రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించుకుంటారు.

ఆ పొద్దున ఆయన వసారాలో మడతకుర్చీ వేసుకుని పేపరు చూస్తున్నారు. ఎదురింటి హనుమాయమ్మ వీధిలో సగం దాకా పట్టా పరిచి మిరపకాయలు ఆరబోస్తోంది. అద్దంకి వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి ఆ పట్టా అంచున కీచుమని ఆగింది.

"ఒరేయ్, కాయల మీదికి ఎక్కిస్తావా ఏందిరా బండి!" హనుమాయమ్మ చేతిలో పార ఎత్తింది.

"చూసుకునే ఆపాన్లే పెద్దమ్మా. నీ కాయలు నీ దగ్గరే ఉన్నాయి," అన్నాడు ఆటో తోలుతున్న కుర్రాడు.

వెనక సీట్లోంచి నలభై దాటిన ఆవిడ ఒకతె దిగింది. ఆమె వెనకాలే ఇరవై ఏళ్ల పిల్ల కుడికాలు దించి, ఎడమకాలిని చేతులతో పట్టుకుని దించుకుంది. జానకిరామయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వెంకాయమ్మ గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదేనమ్మా. లోపలికి రండి. పాపను పట్టుకో, ఆ గడప కాస్త ఎత్తు."

వెంకాయమ్మ ఆయన భార్య. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అంటే తల్లి కడుపులోంచి తల ముందు రాకుండా కాళ్లు ముందు వచ్చిన బిడ్డ. అలా పుట్టినవాళ్లు కాలితో రాస్తే బెణుకు దిగిపోతుందని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా నమ్మకం. ఆవిడ వసారా మెట్టు మీద కూర్చుని, కాలు కడుక్కుని, మడమకు కాస్త ఆముదం పూసుకుని, వచ్చినవాళ్ల పిక్క మీంచి చీలమండ మీదుగా వేళ్ల దాకా మెత్తగా రాసేది. వచ్చింది పెద్దవాళ్లయితే, కాలు తగిలించినందుకు తర్వాత వంగి దండం పెట్టేది. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకునేది కాదు. జానకిరామయ్య గారేమో అద్దంకి జూనియర్ కాలేజీలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జంతుశాస్త్రం చెప్పిన మనిషి. "మీరు బోర్డు మీద ఎముక బొమ్మ వేయండి, నేను ఇంటి దగ్గర దాన్ని సరిచేస్తా" అని ఆవిడ ఎగతాళి చేసేది.

పోయిన ఆషాఢంలో ఆవిడ పోయింది. ఆ కబురు ఊళ్లోవాళ్లకు తెలుసు కాని, బెణుకులకు తెలియదు. ఎక్కడో దూరపు పల్లెలో కాలు మడత పడినవాళ్లకు ఎవరో ఆవిడ పేరు చెబుతారు. వాళ్లు కుంటుకుంటూ వస్తారు. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగే దాకా ఆ మాట చెప్పకూడదని జానకిరామయ్య గారు తనకు తానే ఒక నియమం పెట్టుకున్నారు.

పిల్లను మంచం మీద కూర్చోబెట్టించి, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లూ గ్లాసులూ తెచ్చారు. ఇద్దరూ తాగారు. ఆటో కుర్రాడు మెట్టు మీదే నిలబడి తాగాడు.

"అమ్మగారు పూజలో ఉన్నారాండీ? ఉంటే తొందరేం లేదు, కూర్చుంటాం," అంది ఆవిడ.

"లేదమ్మా. ఆవిడ పోయి ఎనిమిది తొమ్మిది నెలలవుతోంది."

ఆవిడ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "అదేందండీ! నిన్న సాయంత్రం కూడా మా మేస్త్రి ఆవిడ పేరే చెప్పాడే! వెళ్తే తొక్కుద్ది, మర్నాటికి పరిగెత్తిద్ది అన్నాడే!"

"వాళ్లకు తెలిసి ఉండదు."

"అయ్యో తల్లీ..." అంది ఆవిడ, ఎవరి కోసం అన్నదో తనకే తెలియనట్టు. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని తన పేరు కోటేశ్వరి అని, పిల్ల పేరు శ్రీరమ్య అని, ఆటో తోలే కోటేష్ తన తమ్ముడని చెప్పింది. కాలువకు ఆవల, పత్తిమిల్లు దాటాక వాళ్ల పల్లె. భర్త పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. తల్లీకూతుళ్లు మిరపకోతలకు పోతారు. పిల్ల ఇంటర్ పాసై పోలీసు ఉద్యోగానికి పెట్టుకుంది. రాతపరీక్షలో అడ్డంకేమీ లేదట. వచ్చే వారం ఒంగోలులో పరుగు.

"ఏడాది నుంచీ కాలవ కట్ట మీద పరిగెడతా ఉందండీ. తెల్లారకముందే లేచి పోయిద్ది. మా వీధి కుక్కలన్నీ దీనికి అలవాటైపోయి వెంటబడటం కూడా మానుకున్నాయి. అట్టాంటిది మొన్న ఎలకబొరియలో కాలు పడింది. అంతే."

"మొన్న పడితే ఇవాళ వచ్చారేమ్మా?"

కోటేశ్వరి తమ్ముడి వైపు చూసింది. కోటేష్ ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"చెప్పరా. మాస్టారు అడుగుతున్నారుగా, చెప్పు."

"నేనేం కావాలని చేశానా అక్కా?"

"వీడు తొక్కాడండీ," అంది కోటేశ్వరి. "నేను కూడా ఎదురుకాళ్లతోనే పుట్టా, అమ్మ చెప్పేది చిన్నప్పుడు, నేను తొక్కుతా అన్నాడు. పోన్లే మేనమామే గదా అనుకున్నా. ఆముదం రాసుకుని తొక్కాడు. పిల్ల కేక పెట్టింది. ఆ కేకకు మా అమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఒరే చచ్చినోడా, ఎదురుకాళ్లతో పుట్టింది నువ్వు గాదురా, నీకంటే ముందు పుట్టి పోయిన మీ అన్న, నువ్వు తలకాయతోనే పుట్టావు అంది."

వీధిలోంచి హనుమాయమ్మ పకపకా నవ్వింది. "తలకాయతో పుట్టినా తలకాయ మాత్రం రాలేదేందిరా నీకు!"

శ్రీరమ్య కూడా నవ్వబోయి ఆపుకుంది. ఎడమ చీలమండకు పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసి, దాని మీద పాతచీర పేలిక చుట్టారు. పేలిక కిందుగా కనపడుతున్న పాదం ఉబ్బి నిగనిగలాడుతోంది.

"మాస్టారండీ," కోటేశ్వరి గొంతు తగ్గించింది. "అమ్మగారి చెప్పులు ఉన్నాయా?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

"ఆవిడ తొడుక్కున్న చెప్పులండీ. ఉంటే... ఆ చెప్పుతో మీరు ఒక్కసారి కాలికి రాయండి. ఆ పాదం గుణం చెప్పుకు కొంతన్నా అంటుకునే ఉంటది. ఇంత దూరం వచ్చాం. కాదనబాకండి."

జానకిరామయ్య గారు లేచి లోపలికి వెళ్లారు.

చెప్పులు ఉన్నాయి. చీరలు అడిగినవాళ్లకు ఇచ్చేశారు. చెప్పులు ఎవరూ అడగలేదు. పడకగది తలుపు వెనక పేపరులో చుట్టి పెట్టారు. ఆయన పేపరు విప్పి చూశారు. తోలు మీద మడమ ఆనిన చోట ఒక నల్లటి గుంట, వేళ్లు ఆనిన చోట అయిదు చిన్న మచ్చలు. రాస్తే పోయేదేముంది అనిపించింది. ఏ దేవుడికీ కోపం రాదు. ఒక తల్లి ఊరట పడుతుంది. వెంకాయమ్మ కూడా నవ్వుకుంటుందేమో.

ఆ గదిలోకి వసారాలో మాటలు వినపడుతున్నాయి. కోటేశ్వరి కూతురితో అంటోంది: "ఇంక భయం లేదే. చెప్పు రాయించుకుంటే రేపట్నుంచి మళ్లీ పరిగెత్తొచ్చు."

ఆయన పేపరు మళ్లీ చుట్టేశారు. ఉత్త చేతులతో బయటికొచ్చి, పిల్ల ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"చెప్పుల సంగతి తర్వాత చూద్దాం. మా ఇంటావిడ ఎవరికీ ముందే కాలు తగిలించేది కాదమ్మా. ముందు నడిపించి చూసేది. ఏదీ, ఆ కట్టు విప్పి, నాలుగడుగులు వెయ్యి."

కోటేశ్వరి గుడ్డ తడిపి పట్టు తుడిచేసింది. లోపలి నుంచి కాలు బయటపడింది. మామూలుగా చీలమండ అంటే మనిషి ఒంట్లో ఎవరూ చూసుకోని చోటు. పైనుంచి దిగే రెండు ఎముకలు చెరోవైపు ఒక గుబ్బలా పొడుచుకొచ్చి, పాదంలోని ఒక చిన్న ఎముకను మధ్యలో ఇరికించి పట్టుకుంటాయి. మొత్తం మనిషి బరువు ఆ పిడికెడు జాగాలో తిరుగుతుంది. ఎన్నో ఏళ్లు ఆ బొమ్మను సుద్దముక్కతో గీసిన మనిషికి ఇప్పుడు ఆ గుబ్బలేవీ కనపడలేదు. బయటి వైపు వంకాయ రంగు తిరిగి, ఆ రంగు పాదం అంచు దాకా జారింది.

శ్రీరమ్య లేచింది. వసారా చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మొహంలో నొప్పి ఛాయ కూడా లేదు. పైగా చిన్న నవ్వు.

"చూశారా? నడుస్తోంది!" అంది కోటేశ్వరి.

జానకిరామయ్య గారు మొహం చూడలేదు. దెబ్బ తగిలిన కాలూ చూడలేదు. బాగున్న కుడికాలిని చూశారు. ఎడమది నేలను తాకీ తాకకముందే ఆ కుడికాలు పరుగున వచ్చి బరువందుకుంటోంది. తోడబుట్టినదాన్ని ఎవరో కొడుతుంటే అడ్డం పడినట్టు.

"కూర్చోమ్మా." ఆయన బొటనవేలితో బయటి గుబ్బ ఉండవలసిన చోటు వెనక అంచును, చాలా మెల్లగా, తాకారు. పిల్ల అబ్బా అనలేదు. కాని మంచం నులక మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇక్కడేనా?"

"అబ్బే, ఏం లేదండి."

"పడ్డప్పుడు ఏదన్నా చప్పుడు వినపడిందా?"

తల్లి వైపు ఒకసారి చూసి, "లేదండి" అంది.

ఈలోగా హనుమాయమ్మ వీధి దాటి వచ్చి కోటేశ్వరి భుజం మీద చెయ్యి వేసింది. "లేమ్మాయ్. పొద్దున ఏమన్నా తిన్నావా లేదా? మొహం చూడు ఎట్టుందో. రా, మా ఇంట్లో కాస్త కాఫీ తాగుదువుగాని. వీడికీ పోస్తా, తలకాయోడికి." ఇద్దర్నీ లాక్కుపోయింది.

వాళ్లు వెళ్లాక శ్రీరమ్య నేల చూస్తూ అంది:

"తాతగారూ, ఆ చెప్పు రాయండి."

"నమ్ముతున్నావా నువ్వు?"

"నేను కాదు. అమ్మ నమ్ముద్ది. మీరు రాసిన తర్వాత నొప్పి తగ్గిందని నేను చెప్తా. అప్పుడు ఒంగోలు తీసుకెళ్లిద్ది. లేకపోతే వద్దంటది."

"మరి చప్పుడు?"

"టక్ మంది," అంది పిల్ల. "కందికట్టె విరిగినట్టు."

"అది విరిగి ఉంటే, దాని మీద పరిగెత్తితే ఏమవుతుందో తెలుసా?"

"విరిగితే విరగనీయండి తాతగారూ. పరుగయ్యాక ముక్కలైపోనీయండి. మళ్లీ ఎప్పుడేస్తారో ఉద్యోగాలు. మిరపకాయలకు పోతే ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులు మండుతూనే ఉంటాయి. అన్నం కలుపుకున్నా మంటే. కళ్లు నులుముకున్నా మంటే. కాలవ కట్ట మీద పరిగెత్తేటప్పుడు మాత్రం ఒంట్లో ఎక్కడా ఏదీ మండదు."

ఆ పిల్ల చెప్పినదంతా నిజం. ఆయన చెప్పబోయేదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఆ ఉబ్బిన చీలమండ మంచం మీద పడి ఉంది.

"నాకు పిల్లల్లేరు తల్లీ," అన్నారు ఆయన. "కాబట్టి నా మాట కఠినంగా ఉంటే ఎలా మెత్తగా చెప్పాలో తెలియదనుకో. ఆ ఎముకలో సన్నని పగులుండి ఉంటుంది. ఇప్పుడు కదలకుండా పెడితే అతుక్కుంటుంది. పరిగెత్తితే విడిపోతుంది. విడిపోతే ఈ ఒక్క పరుగు కాదు, వచ్చేసారి పరుగూ పోతుంది, కాలవ కట్టా పోతుంది. నేను చెప్పు రాసి పంపితే అది నేను విరగ్గొట్టినట్టే."

"అయితే రాయరా?"

"రాయను."

శ్రీరమ్య మొహం గోడ వైపు తిప్పుకుంది. కాఫీ తాగి తిరిగొచ్చిన తల్లికి ఆ మాట ఆయనే చెప్పారు. కోటేశ్వరి ముందు బతిమాలింది. తర్వాత ఆమె గొంతు పెరిగింది.

"ఆ మహాతల్లి ఉంటే ఇట్టా అనేదా? పాపం అని కాలు తగిలించి పంపేది!"

"అనేదమ్మా. నేను కళ్లారా చూశాను. ఇలాంటి కాలు వస్తే దండం పెట్టి, ఇది నా కాలికి లొంగేది కాదు, అద్దంకి పోయి ఫోటో తీయించుకోండి అని పంపేసేది. నమ్మకపోతే హనుమాయమ్మను అడుగు."

"నిజమే," అంది హనుమాయమ్మ. "మా మరిదినే పంపేసింది. ఆయన తిట్టుకుంటా పోయాడు. పోయినోడు కట్టు కట్టించుకునొచ్చాడు."

కోటేశ్వరి కూతురి రెక్క పట్టుకుని లేపింది. ఆమె కోపం ఆ లేపడంలో తెలుస్తూనే ఉంది. జానకిరామయ్య గారు చొక్కా తొడుక్కుని, తలుపుకు గొళ్లెం పెట్టి, పిలవకుండానే ఆటోలో ముందు సీట్లో కోటేష్ పక్కన ఇరుక్కున్నారు. దారి పొడుగునా కోటేష్ ఒక్క గుంట కూడా వదలకుండా తప్పించుకుంటూ తోలాడు. అంత నెమ్మదిగా ఆటో నడపడం తన జన్మలో అదే మొదటిసారని తర్వాత చెప్పుకున్నాడు.

అద్దంకిలో ఎముకల డాక్టరు ఒకప్పుడు ఆయన దగ్గర చదివిన కుర్రాడే. ఎక్స్‌రే తీయించి, తడి ఆరని ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని అందరికీ చూపించాడు. బయటి గుబ్బకు అడ్డంగా, తలవెంట్రుకంత సన్నటి గీత.

"ఇదిగో పగులు. ఎముక పక్కకు జరగలేదు కాబట్టి సరిపోయింది. దీని మీద పరిగెత్తి ఉంటే నేను కోసి స్క్రూ బిగించాల్సి వచ్చేది," అన్నాడు డాక్టరు. తర్వాత గురువు వైపు తిరిగి నవ్వాడు. "ఈ బొమ్మ సరిగా వేయలేకే మాస్టారూ, నాకు మీరు మార్కులు కోశారు."

"ఇప్పుడు బాగానే గుర్తుపట్టావుగా," అన్నారు జానకిరామయ్య గారు. ఆయన చూపు ఫిల్ము మీదే ఉంది. ఆ నలుపులో తెల్లటి చిన్న ఎముకలన్నీ ఒకదానికొకటి ఒదిగి కూర్చున్నాయి. పగులు సంగతి పక్కన పెడితే చాలా అందమైన చీలమండ అది. పరుగు కోసమే చేసినట్టుంది. ఆ మాట అక్కడ అనడం బాగుండదని ఊరుకున్నారు.

సిమెంటు కట్టు ఆరుతుండగా శ్రీరమ్య మేనమామతో, "నువ్వు తొక్కకముందే విరిగింది మామయ్యా. నువ్వేం బాధపడబాక," అంది. కోటేష్ బయటికెళ్లి ఆటో ఆగే ఉన్నా హారన్ రెండుసార్లు కొట్టి వచ్చాడు.

పరుగు జరిగే రోజున కోటేష్ ఎస్టీడీ బూతు నుంచి మాస్టారి పక్కింటి ఫోనుకు ఫోను చేశాడు. పిల్ల పొద్దున్నించీ దుప్పటి ముసుగు తీయడం లేదు, అన్నం ముట్టలేదు, మీరొస్తారా అని. జానకిరామయ్య గారు మధ్యాహ్నం బస్సుకు వెళ్లారు.

రెండు గదుల ఇల్లు. పంచలో నులకమంచం మీద శ్రీరమ్య ముసుగు పెట్టుకుని ఉంది. కట్టు వేసిన కాలు మాత్రం బయట, వడ్ల బస్తా మీద ఎత్తుగా. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఓదార్పు మాటలేవీ ఎత్తుకోలేదు. ఎవరికి చెబుతున్నారో తెలియనట్టు మొదలుపెట్టారు.

"మా ఇంటావిడ వైద్యంలో అసలు కిటుకు నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. కాలితో రాయడం అయిపోయాక ఆవిడ ఒక మాట చెప్పేది. వచ్చే అమావాస్య దాకా గడప దిగకూడదు, బిందె ఎత్తకూడదు, చేలోకి పోకూడదు. పోతే నా తొక్కుడు తిరగబడి, పోవడానికి కారణమైనవాళ్ల కాలు బెణుకుతుంది అని. ఇదేం శాస్త్రం అని నేను అడిగాను. ఆవిడ ఏమందో తెలుసా? వీళ్లత్తను విశ్రాంతి ఇవ్వమంటే ఇచ్చిద్దా? దోషం అంటే ఇచ్చిద్ది అంది."

ముసుగు కదిలింది. లోపలి నుంచి, "అయితే అమ్మగారు తొక్కింది కాళ్లను కాదు, అత్తలను," అని వినపడింది.

"ఒకరిద్దరు మొగుళ్లను కూడా," అన్నారు ఆయన.

ముసుగులో నవ్వు. మొహం బయటపడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. పొయ్యి దగ్గర ఉన్న కోటేశ్వరి ఇవతలికి రాలేదు కాని, గరిట చప్పుడు ఆపింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆవిడ ఆయన మీద కినుకగానే ఉంది. కాఫీ ఇచ్చింది, కూర్చోమన్నది, కళ్లల్లోకి మాత్రం చూడలేదు.

అప్పుడే వాకిట్లో దగ్గు వినపడింది. మిరపకోతల మేస్త్రి యలమందయ్య. తలపాగా సర్దుకుంటూ పంచలోకి తొంగి చూశాడు.

"ఏమ్మా కోటేశ్వరీ, రేపట్నుంచి కల్లంలో తొడిమలు తీసే పని. కూర్చుని చేసేదేగా, పిల్లను పంపు. మా బండి పంపిస్తాలే. కాలు దాని దోవన అది ఉంటది, చేతులకేమైంది?"

కోటేశ్వరి గరిటతోనే వచ్చింది. "పంపను."

"కూర్చునే పనేనమ్మాయ్..."

"గడప దిగకూడదు. వెంకాయమ్మ గారి ఆన. దిగితే తిరగబడిద్ది. దీనికి కాదు, దించినోళ్లకు. నీ ఇష్టం, తీసుకెళ్తావా?"

యలమందయ్య తన కాళ్ల వంక ఒకసారి చూసుకున్నాడు. "ఆవిడ పోయిందన్నావు గదమ్మాయ్?"

"మనిషి పోతే మాట పోయిద్దా!"

మేస్త్రి వాకిలి దాటి వెళ్లిపోయాడు. కోటేశ్వరి గరిట గుమ్మానికి ఆనించి, జానకిరామయ్య గారి వైపు సూటిగా చూసింది.

"తప్పా మాస్టారండీ?"

"నాకు తెలిసి ఆవిడ కూడా ఇంతకంటే బాగా చెప్పేది కాదమ్మా."

"అన్నం తిని వెళ్లండి. గోంగూర పప్పు చేశా." లోపలికి వెళుతూ ఆగి, "దీనిక్కూడా ఇక్కడే పెడతా. మీ ముందయితే తింటది," అంది. శ్రీరమ్య ఆ పూట రెండుసార్లు పెట్టించుకుంది.

కట్టు విప్పే రోజుకు ఎండలు ముదిరాయి. చేలల్లో మిరప మోళ్లు పీకేసి కుప్పలు వేశారు. కోటేష్ ముందు ఆయన్ని ఎక్కించుకుని, తర్వాత అక్కనూ పిల్లనూ ఎక్కించుకుని అద్దంకి తీసుకెళ్లాడు.

కత్తెరతో కట్టు రెండుగా చీల్చి తీస్తే, లోపలి నుంచి సన్నబడిపోయిన కాలు బయటికొచ్చింది. పొట్టు రేగిన చర్మం, చెమట వాసన. కాని గుబ్బలు రెండూ, లోపలిది కాస్త పైన, బయటిది కాస్త కింద, వాటి చోట అవి కనపడుతున్నాయి. కోటేశ్వరి తడిగుడ్డతో ఆ రెంటినీ పసిపిల్ల బుగ్గలు తుడిచినట్టు తుడిచింది.

"ఇక కింద పెట్టమ్మా," అన్నాడు డాక్టరు.

శ్రీరమ్య బల్ల అంచున కూర్చుని ఉండిపోయింది. విరిగినా సరే పరిగెడతానన్న పిల్లకు ఇప్పుడు ఆ పాదాన్ని నేలకు ఆనించాలంటే భయం. తల్లిని చూసింది, మామయ్యను చూసింది, చివరికి జానకిరామయ్య గారిని చూసింది. ఆయన ధైర్యం చెప్పలేదు, తొందర పెట్టలేదు. బయట ఎవరో సోడా కొడుతున్న చప్పుడు వినపడింది. కాసేపటికి పాదం నేలకు తగిలింది. ముందు వేళ్లు, తర్వాత అంచు, చివర మడమ. చల్లటి గచ్చు మీద వేళ్లు విచ్చుకున్నాయి.

"డాక్టరుగారూ, మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చు?"

"ముందు నడువమ్మా! వానలు పడే దాకా పరుగు మాటెత్తావంటే మళ్లీ కట్టు వేస్తా."

నడిచింది. గోడ పట్టుకుని గది దాటింది. గోడ వదిలేసి వరండా దాటింది. గేటు దగ్గర కోటేష్ ఆటో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఆటోను తాకి, దాని పక్కగా రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

"ఎక్కవే! బస్టాండు దాకా నడుస్తావా ఏంది?"

"నువ్వు పద మామయ్యా. సోడా బండి దాకా నేనొస్తా."

కోటేష్ ఆటో ఎక్కి స్టార్ట్ చేశాడు. వెనక సీట్లో కోటేశ్వరి, జానకిరామయ్య గారు. పత్తి లారీలు, బస్సులు వెనక నుంచి హారన్లు మోగిస్తూ తిడుతూ పోతున్నాయి. ఆటో మాత్రం ఆ పిల్ల పక్కనే, ఆమె నడిచినంత నెమ్మదిగా, రోడ్డు అంచున పాకుతూ వెళ్లింది. కొంచెం కుంటు ఉంది. రెండు కాళ్లూ సమానంగా బరువు పంచుకోవడం నేర్చుకుంటున్నాయి.

"మాస్టారండీ," కోటేశ్వరి కూతురి పాదాల మీంచి చూపు తిప్పకుండా అడిగింది, "మీరు చెప్పండి, వేగం పెరిగిందా లేదా?"

జానకిరామయ్య గారు తల బయటికి పెట్టి చూశారు.

"పెరుగుతోందమ్మా," అన్నారు. "కోటేష్, నువ్వు కాస్త గేరు మార్చు."